తెరపై చూచిన సేద్యము – చేనిలో చేయు సేద్యము



టెలివిజనులో పది నిమిషాలలో దుక్కి, నాటు, కోత అన్నీ ముగియును. చూచుటకు ఇంపుగానే ఉండును. కాని ఆ పది నిమిషాలలో చూపని సంగతుల వల్లనే మనకు ఖర్చు దండుగ అగుచుండును.

ఒక ఉదాహరణ చూడుడు. 5 శాతము వేపగింజల కషాయము తయారుచేయుట తెరపై రెండు నిమిషాల పని. 5 కిలోల వేపగింజల పప్పును దంచి నీటిలో వేయుదురు, మరుక్షణమే వడపోయుదురు. నడుమ ఒక రాత్రి గడచినది! ఆ పొడిని రాత్రంతా నానబెట్టి, మరునాడు పలుచని గుడ్డతో వడగట్టి, 100 లీటర్లకు నీరు కలుపవలెను. నానబెట్టక చల్లినచో మందులోని సారము దిగదు. సరిగా వడగట్టనిచో స్ప్రేయరు మూతి పూడుకొనిపోవును. ఎండకు మందు పనితనము తగ్గును గనుక సాయంత్రము చల్లవలెను.

రైతులకు టెలివిజను పాఠాలు క్రొత్తవి కావు. ఢిల్లీ పరిసరాలలోని 80 గ్రామాల కొరకు 1967 జనవరి 26న “కృషి దర్శన్” మొదలైనది. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందినవి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. కోళ్ళగూళ్ళకు వాడు ఇనుప తీగ వలతో పదడుగుల గొడుగు వంటి ఏంటెన్నా కట్టి, ఊరందరికీ ఒకే పెట్టె పెట్టినారు. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఒకే బొమ్మతో రెండు భాషల మాటలు పంపే వీలుండుటచే, అదే బొమ్మకు మన ఊళ్ళలో తెలుగు, కర్ణాటక ఊళ్ళలో కన్నడము వినిపించేది. ఏర్పాటు గొప్పదే. కాని రెండు రాష్ట్రాల కొరకు తీసిన బొమ్మ మీ చేనిని ఎరుగదు గదా!

నేటి కార్యక్రమాలకు, సెల్‌ఫోనులో వచ్చు వీడియోలకు కూడ ఇదే వర్తించును. అందుచే చూచునప్పుడు కాగితము, పెన్సిలు దగ్గర ఉంచుకొనుడు. చూపినది నల్లరేగడా, చల్కా నేలా? ఖరీఫా, రబీయా? మందు మోతాదు లీటరు నీటికా, ఎకరానికా? ఈ చివరిది పొరబడినవాడు పైరునే మాడ్చుకొనును. “తగినంత” అని చెప్పి దాటవేసినచో, ఎంతో తెలియనిదే చల్లవద్దు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. రైతు వేదికలోనో, రైతు సేవా కేంద్రములోనో పదిమందిని కూర్చోబెట్టి చూపుడు. వీడియోను నడుమ ఆపి, ఒక రైతుచేత ఆ పనిని మరల చెప్పించుడు. ఆయన తడబడినచోటనే తక్కినవారికీ సందేహముండును. కార్యక్రమము ముగియగానే లేచిపోక, అరగంట ముచ్చటింపుడు. జవాబు తెలియని ప్రశ్నలను వ్రాసుకొని వ్యవసాయాధికారికి పంపుడు.

క్రొత్త పద్ధతిని మొదట పది సెంట్లలో చేసి, ప్రక్కనే పది సెంట్లు పాత పద్ధతిలో వదలుడు. పంట చేతికి వచ్చినప్పుడు రెంటినీ వేరువేరుగా తూచుడు. రెంటికీ అయిన ఖర్చును కూడ ఆ కాగితము మీదనే వ్రాసుకొనుడు.