ఒక్క అక్షరం దిద్దితే...

మా అక్క కూతురి కూచిపూడి రంగప్రవేశాన్ని బ్లూ-రే డిస్కు మీదికెక్కించి, మెనూని నేనే జావాలో రాశాను. తీరా చూస్తే గురువుగారి పేరులో ఒక అక్షరం తప్పు! ఆ ఒక్క క్లాసునీ దిద్ది, జార్ ఫైల్లో పాతదాని స్థానంలో పెట్టాను. ప్లేయర్లో అసలు మెనూయే రాలేదు.

కారణం ఇదీ. సంతకం చేసిన జార్‌లో ప్రతి ఫైలుకీ షా-1 హ్యాష్ మానిఫెస్ట్‌లో రాసి ఉంటుంది. మానిఫెస్ట్ హ్యాష్ ఎస్‌ఎఫ్ ఫైల్లో ఉంటుంది. దాని మీద ప్రైవేట్ కీతో చేసిన సంతకం ఉంటుంది. క్లాసు మారితే మొదటి లంకే తెగిపోతుంది. పోనీ సంతకాలు తీసేద్దామా అంటే, ప్రోగ్రాం నడుస్తుంది గానీ లోకల్ స్టోరేజ్, నెట్‌వర్క్ అందవు. నా మెనూ బుక్‌మార్కులు దాచేది ఆ స్టోరేజ్‌లోనే.

మళ్ళీ సంతకం చేద్దామంటే, కీస్టోర్ పాత లాప్‌టాప్‌తోనే పోయింది. అదృష్టమేమిటంటే, ప్లేయర్ ఈ సంతకాలని పోల్చి చూసే రూట్ సర్టిఫికెట్ డిస్కులోనే ఉంటుంది. కొత్త కీ తయారుచేసి, జార్లన్నిటికీ పాత సంతకాలు తీసి కొత్తవి చేసి, రూట్ సర్టిఫికెట్‌నీ మార్చాను. సర్టిఫికెట్లో సంస్థ ఐడీ మాత్రం పాతదే ఉంచాను. అది ప్రోగ్రాంలోని ఐడీతో కలవాలి. మెనూ వచ్చింది.

కీస్టోర్‌ని రెండు చోట్ల దాచుకోండి. పేర్లు మాత్రం సంతకానికి ముందే ఇంకొకరి చేత చదివించండి.