పాలమూరు వలసలు – పంచాయతీ సభ్యుల బాధ్యత

దీపావళి గడచిన పిమ్మట మక్తల్ ప్రాంతపు పల్లెలలో తాళము పడిన ఇండ్లు కానవచ్చును. కృష్ణా, భీమా నదులు ఈ చెంతనే కలియుచున్నను మెట్టచేలను నమ్ముకొన్న కుటుంబములు ముంబాయి, పూనాలకు పోవుచున్నవి. ఆనకట్టలు కట్టిన "పాలమూరు లేబరు" పేరు దూరదేశములందును వినబడినది. ఆ పేరున గౌరవ మెంత కలదో, ఊరిలో పని దొరకలేదను బాధయు నంతయే కలదు.

వలసపోవుట తప్పు కాదు. పోవు విధానమున దోషము కలదు. గుంపుమేస్త్రి పండుగకు ముందే బయానా ఇచ్చును. అది పెండ్లికో, వైద్యమునకో ఖర్చగును. ఆపై కూలిరేటు నడుగు నోరు కూలివానికి లేదు. అది ఉద్యోగము కాదు, అప్పు తీర్చుట.

ఈ స్థితిని మార్చుటకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. గుత్తదారు లైసెన్సు పొందవలసి యుండెను. కూలిరేటు, పనికాలము, తిరుగు ప్రయాణపు ఖర్చు వ్రాసిన పాసుపుస్తకమును కార్మికుని భాషలో, అనగా మనవారికి తెలుగులో, ఈయవలసి యుండెను. పనికాలము ముగియగానే గుత్తదారు ఇచ్చిన అప్పులో మిగిలినది రద్దైనట్లే యని ఆ చట్టము పలికినది. ఇంత మంచి నిబంధన ఎందరి చెవిని పడినదో! దుబాయికి పంపు ఏజెంటు 1983 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదు కావలసి యుండెను. పూనాకు పంపు మేస్త్రి మన పొరుగువాడే గనుక ఏ కాగితమునను కానరాలేదు.

2020లో పార్లమెంటు ఆ చట్టమును వృత్తి భద్రతా స్మృతిలో కలిపినది. ప్రయాణపు ఖర్చు నిలిచినది, స్థానచలన భత్యము పోయినది. మునుపు ఐదుగురు వలస కార్మికులున్న చోట వర్తించిన రక్షణకు ఇప్పుడు పదిమంది యుండవలెనని నిర్ణయించిరి. చిన్న గుంపులకు ఇది నష్టమని మా అభిప్రాయము.

కావున పంచాయతీ తన పుస్తక మొకటి తెరువవలెను. ఎవరు, ఎచటికి, ఏ మేస్త్రి వెంట, ఎంత బయానాతో పోయిరో వ్రాయవలెను. 2021లో ఆరంభమైన ఈ-శ్రమ్ నమోదు సంఖ్య ప్రతి కార్మికునికి ఇప్పింపవలెను. 2020 జనవరి నుండి మన రేషను కార్డుపై మహారాష్ట్ర, కర్ణాటకలలోను ధాన్యము పొందు వీలు కల్పించిరని చెప్పి పంపవలెను.

ఊరి పని మాట. 2006లో ఉపాధి హామీ మొదట అమలైన 200 జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. నాటి 100 దినములను 2025 డిసెంబరులో ఆమోదించిన క్రొత్త చట్టము 125 చేసినది. అయితే పనుల జాబితా ఆలస్యమైనచో బయానా ముందుగా చేతులు మారును. కావున చెరువు పూడిక, కట్ట మరమ్మతుల ప్రతిపాదనలను దసరాకు ముందరి గ్రామసభలోనే వ్రాయింపుడు.