బండెక్కి పల్నాడు చూద్దాం

పల్నాడు అనగానే నిప్పులు చెరిగే ఎండే గుర్తొస్తుంది. వేసవి వార్తల్లో ఇక్కడి రెంటచింతల పేరు తరచూ వినపడుతుంది మరి. అదే నేలను శ్రావణ భాద్రపదాల్లో చూడాలి. ఎండ తగ్గి, చేలు పచ్చబడి, వాగులు కదిలే కాలమది. గుడికీ గుడికీ మధ్య, ఊరికీ ఊరికీ మధ్య ఉన్నదే అసలు పల్నాడు. దాన్ని చూడాలంటే ఇంటిల్లిపాదీ ఒక వ్యాన్ మాట్లాడుకుని, గ్యాస్ స్టౌ, బియ్యం, చాపలు వేసుకుని బయల్దేరాలి. తీర్థయాత్రలకు మన పెద్దలు చేసిన పనే ఇది.

చేల నడుమ దారి

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. పొద్దున్నే కోటప్పకొండ మీద త్రికోటేశ్వరుణ్ణి దర్శించుకుని, సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ల మీదుగా గురజాల దారి పట్టండి. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలే. ఒకచోట ఆగి పూత చూడండి. ఇవాళ విచ్చిన పువ్వు లేత పసుపు కలిసిన తెలుపు, నిన్నటిది గులాబీ. రెండు రంగులూ ఒకే మొక్క మీద కనిపిస్తాయి. పక్క చేలో కూలీలు నడుం వంచి మిరప నారు నాటుతుంటారు. ఆ కాయలే సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డుకు చేరతాయి.

వీరుల గడ్డ

గురజాల నలగామరాజు రాజధాని. మాచర్ల మలిదేవుడిది. 12వ శతాబ్దంలో ఈ అన్నదమ్ముల పోరు కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున తేలింది. అక్కడి వీరుల గుడిలో కార్తీకంలో ఇప్పటికీ ఆరాధన జరుగుతుంది. కులం చూడకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి నేల ఇది. మధ్యాహ్నం వంట ఇక్కడే పెట్టుకుని, చాప పరిచి, డ్రైవర్‌నూ మీ పక్కనే కూర్చోబెట్టుకుని తినండి. పల్నాటి చరిత్రకు ఇంతకు మించిన గౌరవం లేదు.

మాచర్ల చేరేలోపు దుర్గిలో ఆగాలి. ఇక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అడవిలో పశువుల మేతకు వేసిన పన్ను, పుల్లరి, కట్టబోమని తిరగబడి 1922లో తూటాలకు నేలకొరిగిన కన్నెగంటి హనుమంతుదీ ఈ ప్రాంతమే.

నీటి దగ్గరికి

మాచర్లలో చెన్నకేశవుణ్ణి చూసుకుని సాగర్ రోడ్డెక్కితే ఎత్తిపోతల జలపాతం. చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకే చోటు. ఆ తర్వాత నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కృష్ణకు వరదొచ్చిన ఏడాది 26 గేట్లలోంచి దూకే నీటిని చూడటానికి జనం బారులు తీరతారు. దారిలో మీరు చూసిన మిరపను తడిపేదీ సాగర్ కుడి కాలువ నీరే.

కావలసింది కొంచెమే

బండిలోనే బస చేసే కారవాన్ పర్యాటకానికి కేరళ 2021లోనే తలుపులు తెరిచింది. మనకు అంత హంగు అక్కర్లేదు. కారంపూడిలో, మాచర్లలో, సాగర్ దగ్గర బండి నిలుపుకునే చదును నేల, మంచినీటి కుళాయి, రాత్రంతా వెలిగే దీపం, ఆడవాళ్లు నిశ్చింతగా వాడుకోగల శుభ్రమైన మరుగుదొడ్డి చాలు. జిల్లా యంత్రాంగం, పర్యాటక శాఖ తలచుకుంటే ఇది పెద్ద పనేం కాదు. వెళ్లేవాళ్లకూ ఒక మాట: వండుకున్న చోట విస్తరాకు, ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా వదలొద్దు. పక్కనున్నది ఒక రైతు చేను.