అందరి సాఫ్ట్‌వేర్, కొందరి యాజమాన్యం

ఈ సంచికలో ఒక ప్రక్క తెలుగు, మరొక ప్రక్క ఉర్దూ కనిపించును. కంప్యూటరులో ఈ లిపులను చూపునది ఫాంటు. స్వేచ్ఛగా లభించు ఫాంట్లలో తెలుగుకు ‘లోహిత్’ను రెడ్ హ్యాట్ కంపెనీ, ఉర్దూకు ‘నోటో నస్తాలీఖ్’ను గూగుల్ విడుదల చేసినవి. అందరి సొత్తుకు వ్యాపారస్థులు ఖర్చు పెట్టుట విచిత్రమే. మరి దాని స్వాతంత్ర్యం ఎవరి చేతిలో ఉన్నట్లు?

ఓపెన్ సోర్స్ అనగా ప్రోగ్రాము యొక్క మూలాన్ని చదువుటకు, మార్చుటకు, పంచుటకు లైసెన్సు ద్వారా అందరికీ హక్కు ఇచ్చుట. కంపెనీ చేతులు మారినను ఒకసారి ఇచ్చిన ఈ హక్కు పోదు. అయితే పేరు, పనివారి జీతాలు యజమాని వద్దనే ఉంటవి. మన పుల్లలచెరువు ప్రాంతంలో నీటి సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. చెరువు ఊరందరిదే కావచ్చు, పూడిక తీయించేవాడు మానుకుంటే నీరు నిలువదు.

ఓపెన్ ఆఫీస్ కథ దీనికి మంచి తార్కాణం. సన్ మైక్రోసిస్టమ్స్ 2000లో దాని మూలాన్ని బయట పెట్టినది. 2010 జనవరిలో ఓరకిల్ ఆ కంపెనీని కొన్నది. కొత్త యజమాని పోకడపై నమ్మకం చాలక పనివారిలో అనేకులు అదే సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్‌గా ఏర్పడి, అదే మూలంతో ‘లిబ్రే ఆఫీస్’ ఆరంభించిరి. పాత పేరు వారికి దక్కలేదు. 2011లో ఓరకిల్ దానిని అపాచీ సంస్థకు అప్పగించినది. నేడు ముందంజలో ఉన్నది పేరు కోల్పోయిన వారి లిబ్రే ఆఫీసే!

అన్ని కథలూ ఇంత సుఖాంతం కావు. ఐ.బి.ఎం. 2019లో రెడ్ హ్యాట్‌ను సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. 2029 వరకు సాగవలసిన సెంటాస్ 8 సేవను 2021 చివరికే ముగించెదమని 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ ప్రకటించినది. దానిని నమ్మి సర్వర్లు నడుపుకొనువారు చిక్కులో పడిరి. రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ పుట్టినవి అందువలననే. 2023లో రెడ్ హ్యాట్ తన లినక్స్ మూలాన్ని ప్రధానంగా ఖాతాదారులకే పరిమితం చేసినది. జీపీఎల్ లైసెన్సు ప్రకారం ప్రోగ్రాము పొందినవారికి మూలం ఇవ్వవలెను గాని, లోకమంతటికీ ఇవ్వవలెనని లేదు.

హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ 2018లో 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొన్నది. లోకంలోని ఓపెన్ సోర్స్ మూలంలో అధిక భాగం అక్కడనే దాచబడి ఉన్నది.

లోహిత్‌ను ఎవరూ మననుండి తీసుకొనలేరు. దానిలో ఒక ఒత్తు సరిగా కూర్చబడకున్న దిద్దువారెవరన్నదే ప్రశ్న. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో ఇట్టి పనికి పూనుకొన్నది. కళాశాల కమిటీ వారు మన కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ పెట్టించినచో, విద్యార్థులు దాని తెలుగు అనువాదంలోని దోషాలను దిద్ది పంపగలరు. ఉర్దూ విద్యార్థులకును ఆ ద్వారం తెరచియే ఉన్నది.