పెళ్లిళ్ల పేరయ్య చెప్పిన స్కీలు

కొలరాడోకు వచ్చిన రెండో శీతాకాలంలో, ఒక పత్రిక ఆ ఏటికి మేటి అని ముద్ర వేసిన స్కీలు కొన్నాను. అప్పటికి నాకు వచ్చిందల్లా నీలం గుర్తు ఉన్న మధ్యరకం వాలులో పడకుండా కిందికి చేరడం. ఆ స్కీలు నా మాట వినలేదు. మలుపు తిప్పబోతే తిన్నగా పోయేవి. మధ్యాహ్నానికి తొడలు కొయ్యబారేవి. పత్రిక అబద్ధం రాసిందా అని మళ్లీ తీసి చూశాను. ‘వేగం పెరిగేకొద్దీ నిలకడ, నడిపేవారి నుంచి మాత్రం గట్టి పని కోరతాయి’ అన్న అర్థం వచ్చేలా శుభ్రంగా రాసే ఉంది. నేను మార్కులు చూశాను కానీ మాటలు చదవలేదు.

ఈ మార్కులు ఎలా పడతాయో తెలిస్తే వాటి విలువ తెలుస్తుంది. పరీక్షలు ఎక్కువగా శీతాకాలం చివర్లో, ఏదో ఒక రిసార్టులో కొద్దిరోజులు జరుగుతాయి. వచ్చే సీజన్ మోడళ్లను కంపెనీలే పంపుతాయి. అంచులకు పదును పెట్టి, అడుగున మైనం రాసి, సిద్ధం చేసి ఇస్తాయి. పరీక్షకులు ఒక్కో జత తొడుక్కుని ఒకటి రెండుసార్లు కిందికి దిగి, కార్డు మీద మార్కులు వేసి, తర్వాతి జత అందుకుంటారు. ఆ ఫలితాలే చలి మొదలయ్యే వేళకు కొనుగోలు సంచికగా వస్తాయి. అదే సంచికలో ఆ కంపెనీల ప్రకటనలూ ఉంటాయి.

ప్రకటన ఇచ్చిన కంపెనీని తిట్టరు కదా అనే అనుమానం సహజమే. అమెరికాలో స్కీ మ్యాగజైన్, కన్స్యూమర్ రిపోర్ట్స్ నడిపే సంస్థ రెండూ 1936లోనే పుట్టాయి. రెండోది ప్రకటనలు తీసుకోదు, వస్తువును దుకాణంలో తన డబ్బుతో కొని పరీక్షిస్తుంది. స్కీ పత్రికకు ఆ దారి కష్టం, ఎందుకంటే పరీక్ష జరిగే నాటికి ఆ మోడల్ దుకాణంలోకే రాదు. ప్రకటనల ఒత్తిడి నాకు ఎక్కువగా కనిపించేది అబద్ధాల్లో కాదు, మౌనంలో. నచ్చని స్కీలను తిట్టడం కంటే జాబితాలోంచి జారవిడవడం సులువు. అందుకే అచ్చయినవన్నీ బాగున్నట్టే ఉంటాయి. 8.7కూ 8.5కూ మధ్య తేడాను నేనైతే పట్టించుకోను. అంచు కోణం ఒక్క డిగ్రీ మారినా, పొద్దున గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నానికి మెత్తబడినా, ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది.

అసలు చిక్కు పరీక్షకులతోనే. వాళ్లలో మాజీ రేసర్లు, శిక్షకులు, ఏడాదికి వంద రోజులు మంచు మీదే గడిపేవాళ్లు ఉంటారు. పొరల మధ్య టైటనల్ రేకు ఉన్న బిగుసైన స్కీలు వాళ్ల చేతుల్లో, కాదు, కాళ్లలో పాడతాయి. (టైటనల్ అంటే టైటానియం అనుకుంటారు చాలామంది. అది అల్యూమినియం మిశ్రమ లోహం. పేరులోనే బేరం ఉంది.) ఏడాదికి ఆరు రోజులు వెళ్లే మనిషి ఆ స్కీలను వంచలేడు. వంగని స్కీ తిరగదు.

అందుకని నేను రివ్యూను పెళ్లిళ్ల పేరయ్య మాటలా చదవడం నేర్చుకున్నాను. పేరయ్య ఎక్కడా అబద్ధం ఆడడు. ‘అబ్బాయికి కాస్త ముక్కు మీద కోపం, మనసు మాత్రం వెన్న’ అంటాడు. అర్థం చేసుకోవాల్సింది మనం. రివ్యూలో ‘డిమాండింగ్’ అని ఉంటే ఒళ్లు హూనం అవుతుందని. ‘ఫర్గివింగ్’ అంటే మన తప్పులు కాస్తుందని, వేగం పెంచితే బహుశా వణుకుతుందని. ‘స్టేబుల్’ అన్నదాంట్లో చాలాసార్లు బరువు దాగి ఉంటుంది. ‘ప్లేఫుల్’ అన్నది గట్టి మంచు మీద జారిపోవచ్చు. ఇద్దరు ముగ్గురు పేరయ్యలు, అందులోనూ బరువులో, నైపుణ్యంలో తేడా ఉన్నవాళ్లు ఒకే లోపం చెబితే అది నమ్మదగిన మాట. ‘ఇది ఎవరికి నప్పదు’ అనే వాక్యం లేని రివ్యూను నేను సగంలోనే వదిలేస్తాను.

మార్కుల కంటే కొలతలు నయం. స్కీ మీదే అచ్చు వేసి ఉంటాయి. 128-88-112 లాంటి వరుసలో మధ్య అంకె నడుము వెడల్పు, మిల్లీమీటర్లలో. చదును చేసిన వాలుల్లో తిరిగేవారికి 70 నుంచి 85 చాలు. యూటా లాంటి చోట్ల లోతైన పొడిమంచులో తేలాలంటే 100 దాటాలి. వెర్మాంట్ గట్టి మంచు మీద అంత వెడల్పు స్కీ అంచు మీద నిలపడం ప్రయాస. పక్కనే మీటర్లలో మలుపు వ్యాసార్ధం ఉంటుంది. 13 అంటే చిన్న మలుపులు, 20 అంటే పొడవాటివి. కనీసం ఈ అంకెలకు ప్రకటనలతో పని లేదు.

ఇంతా చేసి, ముందు కొనాల్సింది స్కీలు కావు, బూట్లు. పాదం లోపల కదులుతుంటే ఏ స్కీ అయినా ఒకటే. బూటు ఎంత బిగుసుగా ఉందో చెప్పే ఫ్లెక్స్ అంకె కూడా కంపెనీకో తీరు. ఒకరి 100 ఇంకొకరి 110 కావచ్చు. కాబట్టి దుకాణంలో కొలత తీయించుకుని, పావుగంట తొడుక్కుని నిలబడి చూడాలి.

పత్రిక చదివి మూడు మోడళ్లు ఏరుకోండి. కొండ కింద దుకాణాల్లో డెమో జతలు అద్దెకిస్తారు. కొంటే ఆ అద్దెను ధరలో తగ్గించే చోట్లూ ఉన్నాయి, అడగండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగును మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చెప్పి సరిచేయించుకోండి. మూడు జతలనూ ఒకే రోజు, ఒకే వాలులో, మీ సొంత బూట్లతో దిగి చూశాకే కార్డు తీయండి.