పగడానికీ ఒక షేడు కార్డు

మన ఆడవాళ్ళ తాళిలో నల్లపూసల పక్కన పగడం ఉంటుంది. చానామంది దాన్ని రాయి అనుకుంటారు. అసలు పగడం రాయి కాదు, సముద్రంలో బతికే చిన్న జీవాలు కట్టుకున్న గూడు. తాళిలోని ఎర్ర పగడం లోతు నీళ్ళది, దాని జాతి వేరే. నేను చెప్పేది ఎండ తగిలే నీళ్ళలో దిబ్బలుగా పెరిగే పగడాల సంగతి. మన హొసూరు పక్క నుంచి రామేశ్వరం యాత్ర పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ దగ్గర్లోనే, మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి దాకా 21 దీవుల చుట్టూ ఈ దిబ్బలున్నాయి.

ఈ జీవం ఒంట్లో కంటికి కనపడనంత సన్న పాచి కాపురముంటుంది. అది ఎండను పట్టి తిండి తయారుచేస్తుంది. పగడానికి కావలసిన సత్తువలో ఎక్కువ భాగం ఆ వంటింటి నుంచే వస్తుంది. రాత్రిపూట సన్న చేతులు చాచి నీళ్ళలో తేలే పురుగుల్ని కూడా పట్టి తింటుంది గానీ, అది చాలదు. పగడం రంగు కూడా చానావరకు ఆ పాచిదే.

ఎండాకాలంలో మామూలుగా ఉండే వేడికంటే నీళ్ళు ఒక్క డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అట్లే ఉంటే ఈ కాపురం చెడుతుంది. పాచి బయటికి పోతుంది, పగడం తెల్లబడుతుంది. మన్నారులో 1998, 2010, 2016లో ఇట్లే అయింది. తెల్లబడిన పగడం ఇంకా బతికే ఉంటుంది, ఆకలితో ఉంటుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించుకుంటూ కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే పాచి మళ్ళీ చేరుతుంది. లేకుంటే చస్తుంది.

మరి ఆ ఆకలిని కొలిచేదెట్ల? ల్యాబులో అయితే చిన్న ముక్క తీసి పాచి కణాలు లెక్కపెడతారు, కొవ్వు, మాంసకృత్తులు చూస్తారు. ముక్క తీయకుండా చూసే దారి కూడా ఉంది. అది చదివి నాకు మా డైయింగు డిపార్టుమెంటే గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పగడానికి షేడు కార్డు చేసినారు. నాలుగు రంగులు, ఒక్కో రంగులో లేతనుంచి ముదురు దాకా ఆరు మెట్లు. నీళ్ళలో మునిగి, పగడం పక్కన కార్డు పెట్టి, అన్నిటికంటే లేతగా ఉన్నచోటు ఏ మెట్టో, ముదురుగా ఉన్నచోటు ఏ మెట్టో రాసుకుంటారు. ఒక్కసారి చూస్తే చాలదు. అదే దిబ్బను మళ్ళీ మళ్ళీ చూడాల. రెండు మెట్లు దిగితే పాచి తగ్గిందని అర్థం.

కంటితో చూస్తే చాలదా అంటారేమో. ఒకసారి రాత్రి షిఫ్టులో కార్డు పట్టకుండా, కన్నుమీద నమ్మకంతో నేనొక లాటు పాస్ చేసినాను. పొద్దున వెలుతురులో చూస్తే షేడు వేరే. లాటంతా మళ్ళీ వేయాల్సొచ్చింది. రోజూ చూసేదాని రంగు కొంచెంకొంచెంగా పోతా ఉంటే కన్ను పట్టదు. కార్డు పడుతుంది.

మన ఇళ్ళలో కూడా అంతే. రోజూ చూసే బిడ్డ చిక్కింది తల్లికి తెలియదు. అంగన్‌వాడీలో బిడ్డ రెట్టకు చుట్టే టేపుంటుంది. ఆరు నెలలనుంచి ఐదేండ్ల బిడ్డకు 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన పచ్చ. ఎరుపు పడితే ఆ పొద్దే ఆసుపత్రికి పోవాల. పసుపు పడితే కూడా ఊరికే ఉండకండి.

ఇంకొక్క మాట. ఈ దిబ్బల పగడాలకు 2001 నుంచి చట్టం కాపలా ఉంది. యాత్రలో ఎవరైనా తెల్ల పగడపు ముక్క అమ్మితే కొనకండి.