నాలుగు గుర్రాల కోసం ఇంత చప్పుడా!

హైదరాబాద్ పాతబస్తీలో అన్నిటికంటే పేరున్న కారుకు ఆ పేరు చప్పుడు వల్ల రాలేదు, నిశ్శబ్దం వల్ల వచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న ఆ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. అది చేతికి అందకముందే 1911లో ఆయన కన్నుమూశారు. ఆరు సిలిండర్లు, 7,428 సీసీ. అంత ఇంజిన్ తిరుగుతున్నా పక్కనున్నవాడికి తెలియదన్నదే ఆ మోడల్ గొప్ప. ఇప్పుడు అదే వీధుల్లో 1,000 సీసీ కారుకూ, 350 సీసీ బుల్లెట్‌కూ చప్పుడు చాలడం లేదని సైలెన్సర్ మార్చేస్తున్నారు. మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లే ఓపిక కూడా లేనివాళ్లు వీడియో చూసి, ఇంటి ముందే జాకీ ఎత్తి, పానా పట్టుకుంటున్నారు.

మార్చిన ప్రతి ఒక్కరూ చెప్పే మొదటి కారణం పికప్. కాబట్టి లెక్క అక్కడే మొదలుపెడదాం.

1,200 సీసీ పెట్రోల్ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 3,600 లీటర్ల గాలి పీలుస్తుంది. మండాక 500 డిగ్రీల వేడిలో అది రెండున్నర రెట్లు ఉబ్బి, అంటే తొమ్మిది వేల లీటర్లు దాటి, రెండంగుళాల గొట్టంలోంచి బయటపడాలి. అక్కడ గొట్టం ఇరుకు అనిపించడం నిజమే. రెండంగుళాల పైపు తీసి రెండున్నర అంగుళాలది వేస్తే దారి 56 శాతం పెరుగుతుంది. అందుకే రేసింగ్ ట్రాక్ మీద పెద్ద పైపుకు విలువ. కానీ గౌలిపురా గల్లీలోనో, షాలిబండ మెయిన్ రోడ్డు మీదో ఎవరూ 6,000 దగ్గర నడపరు. 1,500 ఆర్‌పీఎం దగ్గర గ్యాస్ నాలుగో వంతు. పైపు చూపే అడ్డంకి గ్యాస్ ప్రవాహం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ప్రవాహం నాలుగో వంతైతే అడ్డంకి పదహారో వంతుకు పడిపోతుంది. లేని అడ్డంకిని తొలగించడానికే డబ్బు పెడుతున్నామన్నమాట. పైగా ఒకే గ్యాస్‌కు 56 శాతం పెద్ద దారి ఇస్తే దాని వేగం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ముందు వెళ్లే గ్యాస్ వెనకదాన్ని లాక్కుపోయే ఊపు తగ్గి, కింది ఆర్‌పీఎంలో కారు మందగించినట్టుంటుంది. 'ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ కావాలి' అని మెకానిక్కులు చెప్పే మాటకు మూలం ఇదే. నిజానికి ఇంజిన్‌కు కావాల్సింది ఒత్తిడి కాదు, వేగం.

టర్బో లేని మామూలు ఇంజిన్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు వెనక ఉన్న భాగం మాత్రమే మారిస్తే పెరిగే శక్తి కొద్ది శాతం దాటదు. 120 హార్స్‌పవర్ కారుకు 3 శాతం వచ్చిందనుకుందాం: మూడున్నర, నాలుగు గుర్రాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఆ ఒక్క కారణంగానే ఇక్కడ గాలి పీడనం విశాఖ బీచ్ రోడ్డుతో పోలిస్తే 6 శాతం దాకా తక్కువ. డిసెంబరు ఉదయం 20 డిగ్రీలకూ, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకూ మధ్య గాలి సాంద్రత మరో 6 శాతం పడిపోతుంది. ఇన్నాళ్లూ ఈ తేడాలను గమనించని మనిషికి సైలెన్సర్ మార్చగానే 3 శాతం తెలిసిపోయిందంటే, అది చెవి చెప్పిన మాటే. టర్బో కార్లకు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ట్యూనింగ్ కూడా చేయించినప్పుడు, ఇంతకంటే ఎక్కువే వస్తుంది. అది వేరే ఖర్చు, వేరే చిక్కు.

చప్పుడు లెక్క

అయితే అసలు కొనేది చప్పుడు. అది కావాలనుకోవడం తప్పేమీ కాదు. మంచి ఇంజిన్ మోత కొందరికి సంగీతమే. కాకపోతే డెసిబెల్ మామూలు కొలత కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, చెవికి దాదాపు రెట్టింపు. 20 పెరిగితే శక్తి వంద రెట్లు, చెవికి నాలుగు రెట్లు.

ఫ్యాక్టరీలో తయారయ్యే ప్యాసింజర్ కారుకు మన దేశంలో 2005 ఏప్రిల్ నుంచి ఉన్న హద్దు 74 డెసిబెల్స్. ద్విచక్ర వాహనాలకు 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, ఆపైన 80. ఈ కొలత తీసేది బండి 7.5 మీటర్ల దూరంలో దాటిపోతుండగా. ఫోన్‌లో యాప్ పెట్టి సైలెన్సర్ పక్కన అర మీటరులో కొలిచి '95 వచ్చింది, మరీ ఎక్కువేం కాదు' అనుకునేవాళ్లు, '95 వచ్చింది, నేరం' అని భయపడేవాళ్లు ఇద్దరూ పొరబడినట్టే. అర మీటరు నుంచి 7.5 మీటర్లకు దూరం 15 రెట్లు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి ఈ రెండు కొలతల మధ్య దాదాపు 23 తేడా ఉంటుంది. ఫోన్ యాప్‌కు చట్టంలో విలువ లేదన్నది ఎలాగూ ఉంది.

బయలు ప్రదేశం అన్నానా, పాతబస్తీలో లేనిది అదే. అటూ ఇటూ రెండు మూడంతస్తుల గోడలు, మధ్యలో పన్నెండడుగుల గల్లీ. శబ్దం పైకి, పక్కకి పరుచుకోవాల్సింది పోయి గోడకు కొట్టుకుని మళ్లీ గల్లీలోకే వస్తుంది. దూరం పెరిగినా అనుకున్నంత తగ్గదు. నివాస ప్రాంతాలకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన సగటు హద్దు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. అది సగటు కొలత, ఒక్క బండి దాటిపోతే లెక్క తప్పదు. కానీ రాత్రి ఒంటిగంటకు లాల్‌దర్వాజా ఇంట్లో నిద్రపోతున్న పసిపిల్లకు సగటుతో పనిలేదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే పగలు 50, రాత్రి 40. వంద మీటర్ల వ్యాసార్థమంటే ఒక్కో వృత్తం ఏడు ముప్పావు ఎకరాలు. మూసీ ఒడ్డున హైకోర్టు, చార్మినార్ పక్కన యునానీ ఆస్పత్రి, పేట్లబుర్జులో ప్రసూతి ఆస్పత్రి, ఇక లెక్కలేనన్ని బడులు. మ్యాపు మీద ఈ వృత్తాలు గీసుకుంటూ పోతే మోత మోగించడానికి మిగిలే జాగా ఎంతో మీరే చూడండి.

నడిపేవాడి చెవి సంగతీ ఉంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. కారు లోపల ఇంత ఉండదు గానీ అక్కడ ఇంకో చికాకు, గుయ్యిమనే మోత. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 సార్లు పేలుతుంది. ఆ 100 హెర్ట్జ్ మోతే హైవే మీద గంటల తరబడి తల తినేది. దీనికి విరుగుడుగా పైపుకు పక్కన ఒక మూసిన గొట్టం అతికిస్తారు. వేడి గ్యాస్‌లో శబ్దవేగం సెకనుకు 436 మీటర్లనుకుంటే ఆ గొట్టం పొడవు తరంగంలో నాలుగో వంతు, అంటే మీటరు పైన 9 సెంటీమీటర్లు. చౌక కిట్లలో ఇది ఉండదు.

ఇంటి ముందు జాకీ ఎత్తితే

ఇంత చదివాక కూడా మార్చుకుంటాననేవాళ్లకు ఒక గీత గీసి చెబుతాను. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను గానీ, దాని ముందుభాగాన్ని గానీ ముట్టుకోవద్దు. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లేడియం, రోడియం పూసిన తేనెపట్టు లాంటి గదులుంటాయి. వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోల్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను 90 శాతానికి పైగా మార్చేస్తాయి. 1995లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోల్ కార్లకు ఇది తప్పనిసరి అయింది. ఇప్పుడు బీఎస్ 6 కారులో దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు కాపలా ఉంటాయి. తీసేస్తే వెనక సెన్సర్ పట్టేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో ఇలాంటి పెట్రోల్ కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కన్వర్టర్ లేని కారు నిజాయతీగా పరీక్షిస్తే నెగ్గడం కష్టం. ఇంకో మాట, ఆ పరీక్ష పొగనే కొలుస్తుంది, చప్పుడును కొలవదు. 'పొల్యూషన్ ఉంది సార్' అనే జవాబు మోతకు సరిపోదు.

కారు కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవడం ఆత్మహత్యతో సమానం. జాకీ ఎత్తడానికి, నిలబెట్టడానికి స్టాండ్లు. నాపరాళ్లు పరిచిన వాలు గల్లీలో అవి కూడా జారుతాయి, కాబట్టి సమతలం లేకపోతే పని వద్దు. బండి ఆపి రెండు గంటలైనా చల్లారనివ్వాలి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే ఆయిల్ పట్టించాలి. రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు చాలు. కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులన్నీ చేత్తో పట్టించి, పైపు సరిగ్గా కూర్చుందో చూశాకే బిగించాలి. వరసగా ఒక్కోదాన్నీ బిగించుకుంటూ పోతే చివరి బోల్టు చిల్లు దగ్గర పైపు పక్కకు నిలబడుతుంది. సెన్సర్ ముందు ఎక్కడైనా గాలి లీకైతే ఇంజిన్ పెట్రోల్ తక్కువైందని భ్రమపడి ఇంకా పోస్తుంది. మైలేజీ పోయిందని ఆ తర్వాత పైపు కంపెనీని తిడతారు.

స్టెయిన్‌లెస్ అంటూ అమ్మే పైపులన్నీ ఒకటి కావు. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 409 రకంలో క్రోమియం 11 శాతమే. దుకాణంలో చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, 409 గట్టిగా పట్టుకుంటుంది. 304కు ఒక గుణం ఉంది: 400 డిగ్రీలు వేడెక్కితే మీటరు పైపు దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. బంపర్‌కు ఆనించి బిగించిన పైపు సాయంత్రానికి బంపర్‌ను కాలుస్తుంది. పెట్రోల్ లైనుకు పొగగొట్టం 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. వెల్డింగ్ తప్పదనుకుంటే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, చేయి తిరిగిన ఆర్గాన్ వెల్డర్‌కే అప్పగించండి.

బిగించాక స్టార్ట్ చేసి వినాలన్న తహతహలో షట్టరు దింపిన గ్యారేజీలోనో, నాలుగు గోడల వాకిట్లోనో ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో 0.16 శాతం చేరితే ఇరవై నిమిషాల్లో తలనొప్పి, తల తిరుగుడు, రెండు గంటల్లోపు ప్రాణం మీదికొస్తుంది. దానికి వాసన ఉండదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణలో చేరిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ; పైగా మూడు నెలలు లైసెన్సుపై వేటు. ఇవి చట్టంలోని హద్దులు. రోడ్డు మీద రాసే చలానా రాష్ట్రం నిర్ణయించిన మేరకు ఉంటుంది. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన పిల్లలకు ఈ విషయంలో పని కాస్త సులువు: అక్కడ కారు సైలెన్సర్‌కు 95 డెసిబెల్స్ అని హద్దు రాసి ఉంది, పొగను ప్రభావితం చేసే విడిభాగానికి ప్రభుత్వ అనుమతి నంబరు ఉంటుంది. అది చూసి కొనుక్కుంటారు. ఇక్కడ దుకాణదారు 'రోడ్ లీగల్' అన్నాడంటే అతని నోటిమాటే సర్టిఫికెట్. తప్పు సామాను అమ్మినవాడికి కాక, కొనుక్కుని బిగించుకున్నవాడికే ముందు చలానా పడటం నాకు న్యాయంగా తోచదు. కానీ పోలీసు ఆపేది దుకాణాన్ని కాదు, బండిని.

నా మట్టుకు, పాతబస్తీ గల్లీల్లో నడిచే కారుకు ఈ మార్పు దండగ. అయినా చేసుకున్నవాళ్లకు ఒక మాట. ఊడదీసిన పాత సైలెన్సర్‌ను, ముఖ్యంగా కన్వర్టర్‌ను, కబాడీకి అమ్మకండి. అందులోని లోహాల కోసం అతను ఇచ్చేది తక్కువ, కొత్తది కొనాలంటే మీరు పెట్టేది చాలా ఎక్కువ. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. పోలీసు బండి ఆపిన రోజు, కారు అమ్మే రోజు, పసిబిడ్డ ఉన్న పక్కింటివాళ్లు తలుపు తట్టిన రోజు అదే కావాల్సి వస్తుంది.